దుబాషీ కూతురి సంతకం

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
ఆగస్టు 3, 2024

అమ్మాయ్ స్పందనా,

బాబాయి కాగితం మీద ఉత్తరం రాయడమేమిటని ఆశ్చర్యపోతున్నావు కదూ! వాట్సాప్‌లో రాస్తే మీ ఉమ పిన్ని చూస్తుంది. ఆవిడ చూస్తే ఫ్రిస్కోలో మీ రాధారాణి అత్తయ్యకి తెలుస్తుంది. అత్తయ్యకి తెలిస్తే బందరు దాకా టముకు వేసినట్టే. నా చెల్లెలే అయినా ఉన్నమాట చెప్పాలిగా. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి.

నవంబరు 23న మా అమ్మాయి సాన్వి పెళ్ళి, ఫ్రిస్కోలో. వచ్చినవాళ్ళకి పంచడానికి మన వంశం గురించి చిన్న పుస్తకం వేయిస్తున్నాను. మన ముత్తాతల ముత్తాత మల్లన్న బందరులో దుబాషీగా ఉండేవాడని నీకు చిన్నప్పుడు చెప్పాను, గుర్తుందా? కెప్టెన్ హార్‌గ్రేవ్ అనే కంపెనీ దొర మాట మనవాళ్ళకీ, మనవాళ్ళ మాట దొరకీ చెప్పే ఉద్యోగం. ఆ దొర పేరున సఫోక్‌లో, లిటిల్ ఆష్‌మియర్ అనే పల్లెటూరి చర్చిలో పాలరాతి ఫలకం ఉందని ఇంటర్నెట్‌లో దొరికింది. నువ్వుండే కేంబ్రిడ్జికి గంట దూరం. వెళ్ళి ఫలకానికి ఫోటో తీసి పంపు. అందులో మల్లన్న పేరు ఉంటే పుస్తకానికి అదే అట్ట.

అదే పుస్తకంలో మన పేరంటాలి కథ కూడా వేస్తున్నాను. మల్లన్న కూతురు వెంకమ్మ పదహారో ఏట బందరు రేవులో మునిగిపోయింది. పసుపు కుంకుమలతో పోయిన మనిషి కాబట్టి ఏ పెళ్ళికైనా ముందు ఆవిడకి పీట వేసి, చీర పెట్టి, ఆ తరవాతే పసుపు దంచుతాం. నీ పెళ్ళికీ పెట్టాం.

ఫోటో ఒక్కటి చాలు. సమాధుల చుట్టూ తిరగకు, రిజిస్టర్లూ గిజిస్టర్లూ అడక్కు.

నీ సంగతి అడిగినవాళ్ళకి ఎప్పటి మాటే చెబుతున్నాను. తేజేశ్వర్ వీసా పని మీద ప్లెయిన్స్‌బరోలో ఉన్నాడనీ, నువ్వు కంపెనీ పని మీద ఇంగ్లండు వెళ్ళావనీ. విడాకుల మాట ఐదేళ్ళుగా గడప దాటలేదు. అన్నయ్యా వదినా పోయాక నీకు పెద్దదిక్కుని నేనే కదా, ఆ మాత్రం చూసుకుంటాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి
మల్లికార్జునరావు

* * *

కేంబ్రిడ్జి
ఆగస్టు 18, 2024

బాబాయికి నమస్కారాలు.

నిన్న శనివారం మీ చర్చికి డ్రైవ్ చేశాను. ఊరంటే ముప్పై ఇళ్ళు, ఒక పబ్బు, బోలెడు గొర్రెలు. చర్చి మాత్రం చూడవలసిందే. గోడలన్నీ చెకుముకి రాళ్ళు. పిడికెడంత నల్లరాళ్ళని సున్నంలో పేర్చుకుంటూ పోయారు. గోపురం గుండ్రంగా ఉంది, మన వడ్లగాదెలా. ఈ ప్రాంతంలో మూలలకి చెక్కే పెద్దరాయి దొరకదట, అందుకని మూలల్లేకుండా కట్టారని ఒక వాదన. దానికి తొమ్మిది వందల ఏళ్ళు. గుమ్మం మీద రంపం పళ్ళలాంటి చెక్కుడు. లోపల ఓక్ దూలాల చివర రెక్కలు విప్పుకున్న దేవతలు ఉన్నారు, సగం మందికి తలకాయల్లేవు. గర్భగుడి ముందరి చెక్క తెర మీద సాధువుల ముఖాలన్నీ కత్తితో గీకేసి ఉన్నాయి. ఒక కాలంలో రాజుకి బొమ్మలు పనికిరాలేదు, గోడల మీది బొమ్మలకి సున్నం కొట్టించాడు. మూడొందల ఏళ్ళకి ఆ సున్నం ఊడి, బిడ్డని భుజాన వేసుకుని ఏరు దాటుతున్న ఒక సాధువు మళ్ళీ బయటపడ్డాడు.

ఇదంతా నాకు చెప్పింది మార్గరెట్ అని, చర్చి తాళాలు చూసుకునే వార్డెన్. డెబ్భై ఎనిమిదేళ్ళావిడ. చెప్పడం తరవాత సంగతి, ముందు నా కారు నంబరు చీటీ మీద రాసుకుంది! కిందటేడు దొంగలు పైకప్పు మీది సీసపు రేకులు చుట్టుకుపోయారట. నేను పైకప్పు కేసి అలా చూస్తూ నిలబడితే అనుమానం రాదూ మరి.

ఫలకం ఉంది. “కెప్టెన్ థామస్ హార్‌గ్రేవ్, మదరాసు సైన్యం, మసూలీపటంలో 1800లో జ్వరంతో మరణించెను. దుఃఖితురాలగు భార్య నిలిపినది.” అంతే. మల్లన్న పేరు లేదు బాబాయ్.

రెండు ప్రశ్నలు. ఫోటో ఒక్కటి చాలు అన్నారు, బాగానే ఉంది. సమాధుల చుట్టూ తిరగొద్దని ఎందుకన్నారు? నాకు తిరగాలని తోచనే లేదు, మీరు వద్దనేదాకా. రెండోది, సాన్వి పెళ్ళి కార్డు నాకు రాలేదు. అసలు వస్తుందా?

మీ
స్పందన

* * *

ఫార్మింగ్టన్ హిల్స్
ఆగస్టు 29, 2024

స్పందనా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. గోపురం నిజంగానే గుండ్రమా? అడుగు నుంచి పై దాకానా, లేక అడుగున గుండ్రంగా ఉండి పైన పలకలు తిరిగిందా? పక్కన ఇల్లేమైనా ఉందా? ఫోటోలు తీసి పంపు. ఊరికే, పుస్తకంలోకి.

నువ్వు పంపిన ఫోటోలో గర్భగుడి కట్టడం, ముందు హాలుకి తిన్నగా లేదు, ఉత్తరానికి కాస్త వాలింది, గమనించావా? మా ప్లాంటులో కారు తలుపు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే లైను ఆపేవాళ్ళం. వీళ్ళు తొమ్మిది వందల ఏళ్ళు ఆపకుండా నడిపించారు.

సమాధుల మాటకి నువ్వు పెడర్థాలు తీయకు. విషప్పురుగులుంటాయని అన్నాను.

కార్డులు అచ్చులో ఉన్నాయి. అందరికీ వస్తాయి.

ఇక్కడ మీ పిన్నికి అనుమానం పట్టుకుంది. నీ కవరు చూసి ఎవరిదని అడిగితే ఇన్సూరెన్సు వాళ్ళదన్నాను. “ఇన్సూరెన్సు వాళ్ళు రాజుగారి బొమ్మ స్టాంపు ఎందుకు అంటిస్తారండీ?” అంది. చర్చి చూసి రమ్మని నీకు రాశానని చెప్పక తప్పలేదు. ఆ మాట ఫ్రిస్కో వెళ్ళేసరికి స్పందన మతం మార్చుకుందని తేలింది! నువ్వు ఆదివారాలు ఎక్కడుంటున్నావో రాధారాణి నన్ను అడుగుతోంది. ఇక అటు వెళ్ళకు. పుస్తకానికి కావలసింది వచ్చేసింది.

మీ బాబాయి

* * *

కేంబ్రిడ్జి
సెప్టెంబరు 15, 2024

బాబాయ్,

విషప్పురుగులా? సఫోక్‌లో? పోనీండి.

మళ్ళీ వెళ్ళాను, గోపురం ఫోటోల కోసం. పైదాకా గుండ్రమే. పంటల పండగకి చర్చి అలంకరిస్తున్నారు. నిచ్చెన పట్టుకునే మనిషి లేక మార్గరెట్ అవస్థ పడుతోంది. గంటసేపు పట్టుకున్నాను. దిగాక టీ ఇచ్చి, మీదే ఊరు అని అడిగింది. మచిలీపట్నం అన్నాను, మీ తెల్లవాళ్ళు మసూలీపటం అనేవారని. ఆవిడ కప్పు కింద పెట్టేసింది. “ఓ! మీ ఊరి మనిషి ఒకరు మా దగ్గర ఉన్నారు,” అంటూ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది.

చర్చికి ఉత్తరం వైపు ఎప్పుడో మూసేసిన తలుపు ఒకటి ఉంది. దెయ్యాలు పోవడానికి అటు తలుపు పెట్టేవారని ఊళ్ళో అంటారట. ఆ వైపు ఎండ రాదు. పరాయివాళ్ళనీ దిక్కులేనివాళ్ళనీ అటే పూడ్చేవారు. తలుపుకి నాలుగడుగుల దూరంలో మోకాలెత్తు రాయి. “మేరీ, మసూలీపటం వాసి. ఈ ఊరిలో యాభై ఏండ్లు నమ్మకముగా జీవించి 1851లో కన్నుమూసెను. వయసు 67.”

నేను తవ్వలేదు బాబాయ్. ఆవిడే చూపించింది. కానీ తరవాత ఊరుకోలేకపోయాను. పాత రిజిస్టర్లు జిల్లా దస్తావేజుల ఆఫీసులో ఉన్నాయంటే, ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళాను. 1803లో బాప్తిస్మం పొందిన వాళ్ళలో ఉంది: “మేరీ, పూర్వము వెంకమ్మ, మసూలీపటములో దుబాషీ మల్లన్న కుమార్తె.”

ఇంకొకటి ఉంది. 1822లో జరిగిన ఒక పెళ్ళికి ఆవిడ సాక్షి సంతకం చేసింది. గుమాస్తా దాని పక్కన “మేరీ వేసిన గుర్తు” అని రాసుకున్నాడు. చదువు రానివాళ్ళు గీసే గీత అనుకున్నాడు కాబోలు. రెండు వందల ఏళ్ళుగా అందరూ అలాగే అనుకున్నారు. అది గీత కాదు. తెలుగు. పెద్ద తలకట్టుతో, పాతకాలపు రాతతో, వెంకమ్మ అని ఉంది. ఆ ఆఫీసులో కూర్చుని ఏడ్చాను. అక్కడి అబ్బాయి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు, రిజిస్టరు తడవకుండా దూరం జరిపాడు కూడా.

అన్నిటికీ ఫోటోలు జతచేశాను. మన పేరంటాలు పదహారో ఏట మునిగిపోలేదు. అరవై ఏడేళ్ళు బతికింది. మీకు తెలుసా బాబాయ్?

స్పందన

* * *

ఫార్మింగ్టన్ హిల్స్
సెప్టెంబరు 26, 2024

స్పందనా,

నీ ఉత్తరం చేరింది. ఫోటోలు చూశాను. ఈ రోజుల్లో ఏ రాత కావాలంటే ఆ రాత కంప్యూటరే గీసిపెడుతుంది. నిన్ను నేను అలాంటిదానివని అనను. కానీ మనిషికి ఏం కావాలో అదే కనిపిస్తుంది. నువ్వు కాపురం వదిలేసుకుని వెళ్ళావు. మన ఇంట్లో నీకంటే ముందు ఇంకొకత్తె వెళ్ళిందని తేలితే నీకు ఊరట. అందుకని పేరంటాలినే ఓడెక్కిస్తావా?

మా నాయనమ్మ ఆ పీట ముందు సాష్టాంగపడేది. మీ అమ్మ, నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఆవిడకే మొక్కుకుంది. పదహారేళ్ళ పిల్ల, రెండేళ్ళ పరాయి బిడ్డని చంకనేసుకుని, ఆరు నెలలు సముద్రం మీద వెళ్ళిందంటే నమ్మడానికి నా చెవిలో పువ్వేమైనా ఉందా? వెంకమ్మలు బందరులో వీధికి పదిమంది. దుబాషీ మల్లన్నలు ఎంతమందో ఎవరికి తెలుసు?

పెళ్ళి ముందు ఇలాంటి మాట పైకి వస్తే వియ్యాలవారు ఏమనుకుంటారో ఆలోచించావా? ఇక ఈ సంగతి వదిలెయ్.

బాబాయి

* * *

కేంబ్రిడ్జి
అక్టోబరు 6, 2024

బాబాయికి,

నా ఉత్తరం నకలు తీసి మళ్ళీ చదివాను. బిడ్డ మాట నేను ఎక్కడా రాయలేదు. ఫలకం మీదా లేదు. కెప్టెన్‌కి రెండేళ్ళ కూతురుందని, వెంకమ్మ ఆ పిల్లని ఎత్తుకుని ఓడెక్కిందని మీకెలా తెలుసు? ఆవిడ సాక్షి సంతకం చేసింది ఆ పిల్ల పెళ్ళికే. ఆ సంగతి మీకు తరవాత చెబుదామని దాచుకున్నాను. మీరే ముందు చెప్పారు. గోపురం గుండ్రమా అని అంతలా అడిగినప్పుడే నాకు తోచవలసింది.

రెండో సంగతి. మొన్న సాన్వి ఫోన్ చేసింది. కార్డులు ఆగస్టులోనే వెళ్ళాయట, మీరు నాకు అచ్చులో ఉన్నాయని రాసినప్పటికే. నా కార్డు ప్లెయిన్స్‌బరోకి వెళ్ళింది. “చి.ల.సౌ. స్పందన, చి. తేజేశ్వర్ దంపతులకు” అని, మీ చేతిరాతతో. కవరు విప్పింది తేజేశ్వర్ ఇప్పటి భార్య. పాపం, మర్యాదస్తురాలు, ఫోటో తీసి సాన్వికి పంపింది.

పసుపు దంచే ఐదుగురు ముత్తైదువుల్లో నా పేరు కూడా రాశారట. ఉన్న మొగుడు లేడని చెప్పడం విన్నాను గానీ, లేని మొగుణ్ణి ఉన్నాడని ఐదేళ్ళు నడిపించినవారు మీరే.

నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు బాబాయ్. మీరు నన్ను కాపాడుతున్నారని అనుకునేదాన్ని. బతికుండగానే నన్ను రేవులో ముంచేశారు.

స్పందన

* * *

ఫార్మింగ్టన్ హిల్స్
అక్టోబరు 16, 2024

తల్లీ స్పందనా,

దొరికిపోయాను. అబద్ధానికి మతిమరుపు ఉండకూడదు, నాకు అరవై ఏడొచ్చాయి.

నాకు పదకొండో ఏట మా నాయనమ్మ చెప్పింది. మన ఇంటి కోడళ్ళు ఒకరికొకరు చెప్పుకునే కథట అది, మగవాళ్ళకి చెప్పకూడదట. నేను పసుపు రోలు దగ్గర చాటుగా వింటూ పట్టుబడ్డాను కాబట్టి చెప్పి, ఒట్టు వేయించుకుంది. వెంకమ్మని మొగుడు వదిలేశాడని ఒకరంటారు, ఆవిడే వదిలి పుట్టింటికొచ్చిందని ఒకరంటారు. దొర జ్వరంతో పోయాడు. దొరసాని పసిపిల్లతో తిరిగి వెళుతుంటే, పిల్ల వెంకమ్మని వదల్లేదు. వెంకమ్మ వాళ్ళతో ఓడెక్కేసింది. మల్లన్నకి ఇంకా ముగ్గురు ఆడపిల్లలు. రేవులో మునిగిపోయిందని తెల్లారేసరికి ఊరంతా చెప్పాడు.

రెండేళ్ళకి ఓడలో ఉత్తరం వచ్చింది. పిల్లకి నాలుగేళ్ళొచ్చాయని, గుండ్రటి గోపురం ఉన్న గుడి పక్కన ఉంటున్నానని, అన్నం దొరకడం లేదని. మల్లన్న పెళ్ళాం ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకుంది. తరవాత అతను పొయ్యిలో పెట్టేశాడు. మర్నెల రెండో కూతురి పెళ్ళి. అందరు ఆడపిల్లలకీ చీరలు తీసి, ఆ తల్లి ఒక చీర ఎక్కువ తీసింది. ఖాళీ పీట వేసి దాని మీద పెట్టింది. ఎవరికని అడిగితే చచ్చిపోయిన నా కూతురికి అంది. అది చనిపోయిన వాళ్ళకి పెట్టిన చీర కాదమ్మా. బతికున్న ఆడపడుచు చీర. రాలేకపోయిన పిల్ల వాటా. తరవాతి వాళ్ళు దాన్ని పూజ చేసేశారు.

ఆవిడ ఆ ఊళ్ళో ఉందో లేదో తెలుసుకోవాలని నాకు యాభై ఆరేళ్ళుగా ఉంది. తెలుస్తుందనేసరికి భయం వేసింది. నిన్ను పంపిందీ నేనే, వద్దన్నదీ నేనే. నిన్ను మాటలన్నదీ నేనే. నీ ఫోటోలో ఆ సంతకం మీద వేలు పెట్టి చూసుకున్నాను, ఆ తరవాత ఆ ఉత్తరం రాశాను. సిగ్గుగా ఉంది.

నువ్వు పెళ్ళికి రావాలి. మీ పిన్ని కూడా అదే అంటోంది. ఒక్కటి మాత్రం మన్నించు. వియ్యాలవారి ఎదుట తేజేశ్వర్‌కి సెలవు దొరకలేదని చెబుదాం. ఒక్క మూడు రోజులు. పెళ్ళయ్యాక అందరికీ నేనే నెమ్మదిగా చెబుతాను.

మీ బాబాయి

* * *

కేంబ్రిడ్జి
అక్టోబరు 27, 2024

బాబాయ్,

మీ ఉత్తరం చదివి ఆష్‌మియర్ వెళ్ళాను. ఆ రాయి దగ్గర కాసేపు కూర్చున్నాను. మీ మీద కోపం సగం పోయింది, ఆ చివరి మాట దగ్గర మళ్ళీ వచ్చింది.

మూడు రోజులే కదా అంటున్నారు. మల్లన్న కూడా ముగ్గురు పిల్లల పెళ్ళిళ్ళయ్యేదాకా అనే అనుకుని ఉంటాడు.

నేను రాను. సాన్వికి నేను విడిగా చెబుతాను. ఆ తల్లి కూతురు బతికుందని తెలిసే చీర పెట్టింది, మీరూ తెలిసే పెట్టండి. ఈసారి పీట మీద రెండు పెట్టండి. నాకు నీలం రంగు ఇష్టం.

స్పందన

* * *

ఫార్మింగ్టన్ హిల్స్
నవంబరు 4, 2024

అమ్మా స్పందనా,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. ఆ రోజు అన్నం తినలేదు. నిన్న పొద్దున్న రాధారాణికి ఫోన్ చేశాను. ముందు దాని నోటికి భయపడి గదిలో నాలుగు చుట్లు తిరిగాను. తరవాత ఒక్క గుక్కలో చెప్పేశాను. స్పందన విడాకులు తీసుకుని ఐదేళ్ళయిందని, ఇన్నాళ్ళూ నేను మీ అందరికీ అబద్ధం చెప్పానని.

అవతల ముక్కు చీదిన చప్పుడైంది. ఏడుస్తోందనుకున్నాను.

“అన్నయ్యా, మాకు తెలుసురా,” అంది. “ఆ అబ్బాయి సెకండ్ మ్యారేజ్ ఫోటోలు మూడేళ్ళ కిందటే చూశాం. బందరులో వాళ్ళకీ తెలుసు, వియ్యాలవారికీ తెలుసు. సంబంధం అనుకున్నప్పుడే వాళ్ళు అడిగారు, నేనే చెప్పాను. నువ్వు ఫీలవుతావని ఎవ్వరం ఎత్తలేదు. ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాం. అది ఫంక్షన్లకి రాకపోతే, మా అందరి మీదా కోపం అనుకున్నాం.”

నేను ఫోన్ పెట్టేసి సోఫాలో కూర్చుండిపోయాను. మీ పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. వాళ్ళకి తెలుసని తనకీ తెలుసట!

నేను ఎవరి దగ్గర దాచాను తల్లీ? ఎవరికీ తెలియకూడదని నిన్ను ఐదేళ్ళు ప్రతి శుభకార్యానికీ దూరం పెట్టాను. తెలియనివాళ్ళంటూ ఒక్కరూ లేరు. రాత్రంతా అదే ఆలోచన. రేవులో ఓడెక్కిన పిల్లని పడవవాళ్ళు చూసి ఉండరా? బందరంతటికీ తెలిసే ఉంటుంది. మల్లన్న బాధపడతాడని ఊరంతా నోరు మూసుకుని ఉంటుంది. వెంకమ్మకి ఆ సంగతి తెలియదు. తన పేరెత్తితే ఇంటి పరువు పోతుందనుకుని, అరవై ఏడేళ్ళ దాకా అక్కడే ఉండిపోయింది.

ఆవిడ అక్కడ పోయింది. నువ్వు ఫోన్ చేస్తే పలుకుతావు. అదే నాకున్న అదృష్టం.

ముత్తైదువుల జాబితాలోంచి నీ పేరు కొట్టేయించాను. అబద్ధపు హోదాలో నిన్ను నిలబెట్టను. సాన్వికి నువ్వు అక్కవి, పెళ్ళిపీటల దగ్గర దాని పక్కన నీ చోటు నీదే. అలా సాన్వే అంది, నాతో దెబ్బలాడి మరీ అంది. నీ ఒక్కదాని పేరున కొత్త కార్డు, సరైన అడ్రసుకి, ఈ కవరులోనే పెట్టాను.

నీకు కోపం తీరకపోతే రావద్దు, నేనేమీ అనుకోను. నువ్వడిగిన నీలం చీర మాత్రం కొన్నాను. వస్తే నీ చేతికిస్తాను, రాకపోతే పోస్టులో పంపిస్తాను. పీట మీద పెట్టను. బతికున్న పిల్లకి పీట వేయడం నా చేతుల మీద జరగదు.

నీ బాబాయి
మల్లికార్జునరావు